సరిహద్దు ఊళ్ళో కొట్టు మార్చాలంటే: కాగితాలు, పేరు, బోర్డు, సామాను, మనుషులు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం. బరంపురం వాళ్ళకి ఇచ్ఛాపురం పక్కూరు. గుణుపురం, రాయగడ వ్యాపారులకు పార్వతీపురం బజారు రోజూ వెళ్ళొచ్చే దారి. కొనేవాళ్ళు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు కాబట్టి, కొట్టు మార్చడాన్ని ఇక్కడ చాలామంది వీధి మార్చినంత తేలిగ్గా తీసుకుంటారు. ముందు అద్దె అడ్వాన్సు ఇచ్చేస్తారు, తర్వాత బోర్డు కట్టించేస్తారు, సరుకు వేసేస్తారు, అన్నీ అయ్యాక ఆడిటర్ దగ్గరికి వెళతారు. నష్టాలన్నీ ఆ వరసలోనే పుడతాయి. కింద చెప్పిన వరస కిరాణా, బట్టలు, ఫ్యాన్సీ, హార్డ్‌వేర్, స్వీట్ల దుకాణం లాంటి చిన్న వ్యాపారాలకు సరిపోతుంది. మారే తేదీకి కనీసం అరవై రోజుల ముందు మొదలుపెట్టండి.

1. ముందు తేల్చుకోవాల్సింది: ఏ రాష్ట్రం?

జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ రాష్ట్రానికి కట్టుబడి ఉంటుంది. మీ నంబరులో మొదటి రెండు అంకెలు 21 అయితే ఒడిశా, 37 అయితే ఆంధ్రప్రదేశ్. ఒడిశాలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, రాయగడ నుంచి జయపురానికైనా సరే, మారితే నంబరు అదే ఉంటుంది. చిరునామా సవరణ చేయించుకుంటే చాలు. దానికి ఫారం ఆర్‌ఈజీ-14. మారిన 15 రోజుల్లోపల పోర్టల్‌లో వేయాలి. అద్దె ఒప్పందం, యజమాని పేరు మీద ఉన్న కరెంటు బిల్లు లేదా మునిసిపల్ పన్ను రశీదు, యజమాని సమ్మతి పత్రం జతచేయాలి. కరెంటు బిల్లులో పేరు, ఒప్పందంలో యజమాని పేరు ఒకలా లేకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది. తండ్రి పోయాక కొడుకులు అద్దెకిచ్చే పాత కొట్ల దగ్గర ఈ పేచీ ఎక్కువ. అలాంటి చోట వారసుల సమ్మతి ముందే రాయించుకోవాలి.

దీనికన్నా మెరుగైన పద్ధతి ఒకటుంది. మారడానికి ముందే కొత్త కొట్టును ‘అదనపు వ్యాపార స్థలం’గా అదే రిజిస్ట్రేషన్‌లో చేర్పించండి. అప్పుడు నెలరోజుల పాటు రెండుచోట్లా సరుకు పెట్టుకోవచ్చు, రెండుచోట్లా అమ్ముకోవచ్చు. పూర్తిగా మారాక కొత్తదాన్ని ప్రధాన స్థలం చేసి పాతదాన్ని తీసేయించాలి. రెండుసార్లు దరఖాస్తు పెట్టాల్సి వచ్చినా ఒక్కరోజు కూడా కొట్టు మూయనక్కర్లేదు. కొత్తచోట పెట్టిన సరుకుకి కాగితం లేదనే మాటా రాదు.

రాష్ట్రం దాటితే లెక్క పూర్తిగా వేరు. పర్లాకిమిడి కొట్టును పాతపట్నానికి మార్చినా, అటునుంచి ఇటు వచ్చినా, కొత్త రాష్ట్రంలో కొత్త రిజిస్ట్రేషన్ తీసుకుని పాతది రద్దు చేయించుకోవాలి. ఇక్కడ వరస తప్పితే డబ్బు పోతుంది. పాతది ముందు రద్దు చేయిస్తే, ఆ రోజున కొట్లో ఉన్న సరుకు మీద మీరు వాడుకున్న ఇన్‌పుట్ క్రెడిట్టో (కొన్నప్పుడు కట్టిన పన్నుకి దక్కే మినహాయింపు), ఆ సరుకు మీద కట్టాల్సిన పన్నో, ఏది ఎక్కువైతే అది కట్టాలి. అందుకని ఇలా చేయండి:

ముందు కొత్త రాష్ట్రంలో నంబరు తీసుకోండి. ఒకే పాన్ మీద ఉన్నా రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్లను చట్టం ఇద్దరు వేర్వేరు వ్యక్తులుగా చూస్తుంది. కాబట్టి పాత నంబరు నుంచి కొత్త నంబరుకి ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకి వేసే జీఎస్‌టీ) వేసి ఇన్‌వాయిస్ రాసి సరుకు పంపాలి. ఆ పన్ను కొత్తచోట క్రెడిట్‌గా వస్తుంది. సరుకంతా దాటాక, ఫర్నిచరు కూడా దాటాక, అప్పుడు పాతదానికి ఆర్‌ఈజీ-16 వేసి రద్దు అడగండి. రద్దు అయ్యాక మూడు నెలల్లో జీఎస్‌టీఆర్-10 అనే చివరి రిటర్ను వేయాలి. కొట్టే లేదు కదా అని చాలామంది దీన్ని వదిలేస్తారు. ఆలస్య రుసుము పెరుగుతూ పోతుంది.

కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పథకంలో, ఉన్నవారు ఇంకాస్త జాగ్రత్తపడాలి. ఆ పథకంలో ఉండగా వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. మీ సరుకును మీరే సరిహద్దు దాటించినా అది అమ్మకం లెక్కలోకే వస్తుంది. ఉన్న సరుకు పాత కొట్లోనే అమ్మేసుకుని ఖాళీ సామానుతో మారడం ఒక దారి. పథకంలోంచి ముందే బయటికి వచ్చి మామూలు పద్ధతిలో సరుకు దాటించడం ఇంకో దారి. సరుకు విలువ మూడు నాలుగు లక్షల లోపు ఉంటే మొదటి దారే మేలు. రెండు నెలల ముందు నుంచి కొనుగోళ్ళు తగ్గిస్తూ రండి.

కౌంటరు దగ్గర సరిహద్దు గిరాకీకి బిల్లు రాసేటప్పుడు ఇంకో సంగతి. 2023 అక్టోబరు 1 నుంచి, రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారుకి వేసిన బిల్లులో వాళ్ళ చిరునామా రాస్తే ఆ రాష్ట్రంలోనే అమ్మినట్టు లెక్క. రాయకపోతే మీ కొట్టున్న చోటే అమ్మినట్టు. పర్లాకిమిడిలో ఉన్న కాంపోజిషన్ కొట్టు, పాతపట్నం మనిషికి బిల్లు మీద ఆంధ్రప్రదేశ్ చిరునామా వేస్తే అది వేరే రాష్ట్రానికి అమ్మకం అయిపోతుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాత గిరాకీల చిరునామాలు దానంతటవే పడుతుంటాయి కాబట్టి రాష్ట్రం గడి ఒకసారి సరిచూసుకోండి.

2. స్థలం ఖాయం చేసేముందు

అడ్వాన్సు ఇచ్చేముందు నేల ఎవరిదో చూడండి. రాయగడ, కొరాపుట్ జిల్లాలు మొత్తంగా, గజపతిలో కొన్ని భాగాలు షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ గిరిజనుల భూమిని గిరిజనేతరులకు బదలాయించడాన్ని ఒడిశాలో 1956 నాటి రెండో రెగ్యులేషన్ నిషేధిస్తుంది. బదలాయింపు అన్న మాటలో అమ్మకంతో పాటు కౌలు, తాకట్టు కూడా ఉన్నాయి. ఎవరో మధ్యవర్తి పేరు మీద అద్దె ఒప్పందం రాసుకుని ఆ నేల మీద షెడ్డు వేసుకుంటే, రేపు ఖాళీ చేయాల్సింది మీరే. అసలు ఆ చట్టం ఉన్నదే అక్కడివాళ్ళ భూమి వాళ్ళకి దక్కాలని. దాన్ని పక్కదారిన దాటడం వ్యాపారానికీ మంచిది కాదు, ఊరికీ మంచిది కాదు. ఒడిశా ‘భూలేఖ్’ వెబ్‌సైటులో జిల్లా, తహసీలు, మౌజా, ఖాతా నంబరు కొడితే హక్కుల రికార్డు కనిపిస్తుంది. పేరు, కులం, భూమి రకం అందులోనే ఉంటాయి.

అద్దె ఒప్పందం పదకొండు నెలలకి రాసుకునే అలవాటు ఎందుకంటే, ఏడాది మించిన కౌలుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కానీ మీరు రెండు లక్షలు పెట్టి షెల్ఫులు, ఫాల్స్ సీలింగ్ చేయించుకునేటట్టయితే పదకొండు నెలల కాగితాన్ని నమ్ముకోవద్దు. మూడేళ్ళకి రాయించి రిజిస్టరు చేయించండి. అందులో ఏటా అద్దె ఎంత శాతం పెరుగుతుందో, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల నోటీసో, బోర్డు పెట్టుకునే హక్కు ముందు గోడలో ఎంత వరకో స్పష్టంగా ఉండాలి. మేడ మీద ఇంకో కొట్టు ఉంటే బోర్డు చోటు గురించే మొదటి తగువు వస్తుంది.

కరెంటు మీటరు మీద పాత అద్దెదారు బకాయిలు ఉన్నాయేమో చివరి మూడు బిల్లులు అడిగి చూడండి. దక్షిణ ఒడిశాలో సరఫరా టీపీఎస్‌ఓడీఎల్‌ది. కనెక్షను వాణిజ్య కేటగిరీలో ఉందో లేదో, మంజూరైన లోడు ఎంతో బిల్లు మీదే ఉంటుంది. రెండు డీప్ ఫ్రీజర్లు, ఏసీ పెట్టే స్వీట్ షాపుకి ఒకటి రెండు కిలోవాట్ల కనెక్షను చాలదు. లోడు పెంచడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టండి.

తేదీ విషయానికొస్తే, ఆషాఢంలో మనవాళ్ళు కొత్త కొట్టు తెరవరు, వానల్లో సరుకు మార్చడమూ కష్టమే. దసరాకి ముందు నెల, సంక్రాంతికి ముందు పదిహేను రోజులు, ఒడియా ఇళ్ళలో లక్ష్మీ పూజలు జరిగే మార్గశిర గురువారాలు గిరాకీ రోజులు. ఆ రోజుల్లో కొట్టు కదపకండి. ఫాల్గుణం చివర నుంచి వైశాఖం లోపల మారడం వీలు. ఏ నెలైనా మీ ఊరి సంత రోజు మాత్రం కొట్టు తెరిచే ఉండాలి.

3. పేరు

పాత పేరు నడుస్తుంటే మార్చకండి. చోటు మారి పేరు కూడా మారితే, గిరాకీ దృష్టిలో పాత కొట్టు మూతపడి కొత్త కొట్టు తెరిచినట్టే.

పేరు కొత్తగా పెట్టుకునేవారు, లేదా పొట్లాల మీద, బ్యాగుల మీద వేసుకుని నాలుగూళ్ళకి పంపేవారు ట్రేడ్‌మార్కు గురించి ఆలోచించాలి. జీఎస్‌టీ నంబరు రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. ట్రేడ్‌మార్కు మాత్రం దేశమంతా చెల్లుతుంది, రెండు రాష్ట్రాల్లో అమ్మేవారికి అదే ఆసరా. దేవుడి పేరు, ఊరి పేరు, ఇంటి పేరు, ‘స్వచ్ఛమైన నెయ్యి’ లాంటి వర్ణన పేర్ల మీద ఒక్కరికే హక్కు దక్కడం కష్టం. ‘శ్రీ వెంకటేశ్వర’ అన్న మాటకి మీ సొంత మాట ఇంకొకటి కలిపితేనే రిజిస్ట్రేషనుకి బలం వస్తుంది. ముందు మేధోసంపత్తి కార్యాలయం వెబ్‌సైటులో ఉచితంగా వెతికి, అదే ఉచ్చారణతో ఆ తరగతిలో ఎవరైనా ఉన్నారేమో చూడండి. బట్టలకి 25వ తరగతి, పచ్చళ్ళకి 29, మసాలాలు, పిండివంటలకి 30, దుకాణం సేవకి 35. వ్యక్తులకీ, చిన్న సంస్థలకీ ఆన్‌లైన్ రుసుము తరగతికి 4,500 రూపాయలు. చిన్న సంస్థ అని చూపడానికి ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) సర్టిఫికెట్ పనికొస్తుంది, అది పూర్తిగా ఉచితం. ట్రేడ్‌మార్కు పదేళ్ళు చెల్లుతుంది, ఆ తర్వాత పొడిగించుకోవచ్చు. దరఖాస్తు వేసిన రోజు నుంచి ‘టీఎం’ గుర్తు పెట్టుకోవచ్చు. సున్నాలో ‘ఆర్’ గుర్తు మాత్రం రిజిస్టరు అయ్యాకే. ముందే వేస్తే నేరం.

పేరును ఒడియాలో ఎలా రాయాలో కూడా ఇప్పుడే ఖాయం చేయండి. మన ‘వ’ ఒడియాలో తరచు ‘బ’ అయిపోతుంది, పదం చివరి అచ్చు పలికే తీరూ మారుతుంది. మీ పేరు ఒడియా చదివే నలుగురికి చూపించి చదివించండి. వాళ్ళు ఎలా పలికితే ఊళ్ళో అదే పేరు నిలుస్తుంది. ఒక అక్షరక్రమం ఎంచుకున్నాక బోర్డు, బిల్లు, బ్యాగు అన్నిటి మీదా అదే ఉండాలి.

4. బోర్డు

ఒడిశాలో దుకాణం బోర్డు మీద ఒడియా లిపి ఉండాలి. చట్టం సంగతి అలా ఉంచినా, సగానికి పైగా గిరాకీ ఒడియా చదివేవారే అయితే వాళ్ళ లిపి పైన ఉండటమే మర్యాద. దాని కింద తెలుగు, ఆ కింద చిన్నగా ఇంగ్లీషు.

జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారు కొట్టు ప్రవేశం దగ్గరి నామఫలకం మీద ఆ నంబరు వేయాలి, సర్టిఫికెట్ లోపల అందరికీ కనబడేలా పెట్టాలి. కాంపోజిషన్‌లో ఉన్నవారు ఆ మాట కూడా బోర్డు మీద రాయాలి. మన బోర్డుల్లో ఎక్కువగా ఇదే ఉండదు. తనిఖీకి వచ్చినవాళ్ళు మొదట చూసేది కూడా ఇదే.

అక్షరం ఎంత ఎత్తు ఉండాలన్నదానికి పెయింటర్ల లెక్క ఒకటుంది: పది అడుగుల దూరానికి ఒక అంగుళం. వీధి అవతలి గట్టు నలభై అడుగుల దూరంలో ఉంటే నాలుగు అంగుళాలు చాలు. బండి మీద వెళ్ళేవాడు నూరు అడుగుల ముందే చూసి వేగం తగ్గించాలంటే పది పదకొండు అంగుళాలు కావాలి. 12 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు బోర్డు అనుకుంటే, 36 అంగుళాల్లో పైనా కిందా మూడేసి వదలండి. మిగిలిన 30లో ఒడియాకి 11, తెలుగుకి 9, ఇంగ్లీషుకి 4, జీఎస్‌టీ వరసకి 2, వరసల మధ్య ఖాళీలకి 4. తెలుగుకి ఇచ్చిన తొమ్మిదిలో మూడు దాకా వత్తులకీ, పై గుడులకీ పోతాయి. ఇంగ్లీషు అక్షరాల కొలతతో గీత గీసే డిజైనర్లు వత్తును చిన్నది చేసి పై అక్షరానికి అతికిస్తారు. ‘లక్ష్మీ స్టోర్స్’లో కింది వత్తులు దూరం నుంచి మరకల్లా కనబడేది అందుకే. ఒడియా అక్షరాలకి ఇంకో ఇబ్బంది: తలమీద గుండ్రం అన్నిటికీ ఒకటే, తేడా లోపలి చిన్న గీతల్లో ఉంటుంది. లావుపాటి ఫాంటు వేసి చుట్టూ అంచు కూడా పెడితే లోపలి ఖాళీలు మూసుకుపోయి ఏ అక్షరమో తెలియదు. ఎల్‌ఈడీ అక్షరాలైతే రాత్రి వెలుగుకి ఇది ఇంకా ఎక్కువ. అందుకని ఒడియాకి మధ్యస్థంగా ఉండే మందం ఎంచుకుని, అంచు వద్దని చెప్పండి.

డీటీపీ సెంటర్లలో తెలుగుకి అను, ఒడియాకి ఆకృతి ఫాంట్లు ఇంకా నడుస్తున్నాయి. మీరు వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ పాఠం అందులోకి నేరుగా రాదు. మళ్ళీ టైపు చేస్తారు, అక్కడే తప్పు దొర్లుతుంది. ఫైలును కోరల్‌ డ్రాలో కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతలుగా, మార్పించాక, ప్రింటుకి పంపేముందు అసలు సైజు కాగితం మీద ఒక్క వరస తీయించి, ఒకసారి ఒడియా వచ్చిన మనిషితో, ఒకసారి తెలుగు వచ్చిన మనిషితో గట్టిగా చదివించండి. రంగులు రెండే పెట్టుకోండి. వాటి షేడ్ నంబర్లు రాసి దాచుకుంటే బ్యాగూ బోర్డూ ఒకే రంగులో వస్తాయి.

గాలి సంగతి మరిచిపోవద్దు. 2013లో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ గజపతిని అతలాకుతలం చేసింది. పెద్ద ఫ్లెక్సు ఫ్రేము గాలికి తెరచాపలా లేస్తుంది. ఫ్రేమును పిట్టగోడ ఇటుకలకి కాకుండా కాంక్రీటు లింటెల్‌కి యాంకర్ బోల్టులతో, మూడు నాలుగు అడుగులకొకటి చొప్పున బిగించాలి. ఎల్‌ఈడీ విద్యుత్ పెట్టెను వాన తగలని చోట, చేతికి అందేలా పెట్టించండి. రోడ్డు వైపు ముందుకు వచ్చే బోర్డుకి మునిసిపాలిటీ అనుమతి, రుసుము ఉంటాయి. కట్టేముందే అడగండి.

క్యారీ బ్యాగుల గురించి ఒక మాట. 120 మైక్రాన్ల కన్నా పలచని ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. గుడ్డ సంచి మీద పేరు, ఫోన్ నంబరు, ఒక గుర్తు చాలు. మారడానికి ముందు ఆరు నెలల్లో చిరునామా వేయించకండి.

సొంతంగా పొట్లం కట్టి అమ్మేవారికి ఇది ఇంకా ముఖ్యం. పొట్లం మీద ప్యాక్ చేసినవారి పూర్తి చిరునామా తప్పనిసరి. పాత చిరునామా మీద కొత్తది స్టిక్కరు అంటించి సరిదిద్దడానికి ప్యాకేజీ నియమాలు ఒప్పుకోవు. ధర తగ్గించడానికి తప్ప అలా స్టిక్కరు వేయకూడదు. చవగ్గా వస్తుందని లేబుళ్ళు ఏడాదికి సరిపడా కొట్టించుకున్నవారు మారాక వాటిని పారేయాల్సిందే. మారే తేదీ ఖాయమైన రోజు నుంచి రెండు నెలలకి మించి లేబుళ్ళు తీసుకోకండి. తినే సరుకైతే ఆహార లైసెన్సు కూడా ఆ స్థలానికే ఇస్తారు. కొత్త చోటుకి కొత్తగా తీసుకుని, ఆ 14 అంకెల నంబరు బిల్లు మీద వేయాలి.

5. సామాను కదపడం

సరుకు లెక్క ముందు. ఒక్క రాత్రిలో మొత్తం లెక్కపెట్టాలనుకుంటే తప్పులే మిగులుతాయి. రోజుకి రెండు ర్యాకుల చొప్పున పది రోజులు లెక్కించి, లెక్కయిన ర్యాకుకి రంగు చీటీ కట్టండి. కదలని సరుకంతా ఇప్పుడే తగ్గింపు ధరకి వదిలించుకోండి. దాన్ని మోయించి, కొత్తచోట మళ్ళీ సర్దించడం దండగ.

ప్రతి అట్టపెట్టె మీద మూడు అంకెలు రాయండి: ర్యాకు, అర, పెట్టె. ‘4-2-1’ అంటే నాలుగో ర్యాకు, రెండో అర, మొదటి పెట్టె. కొత్త కొట్లో ర్యాకులకి కూడా అవే అంకెలు ముందే అంటించి ఉంచితే కూలీలు అడగకుండానే సర్దేస్తారు. పెట్టె బరువు పదిహేను, ఇరవై కిలోలు దాటనివ్వకండి. బోల్టు ర్యాకులు విప్పేముందు ఫోటో తీయండి, ఏ ర్యాకు నట్లు బోల్టులు ఆ ర్యాకు రాడ్‌కే సంచిలో కట్టండి. ఫ్రిజ్ నిలువుగానే తీసుకెళ్ళాలి. దించాక కనీసం నాలుగు గంటలు ఆగి స్విచ్ వేయండి, పడుకోబెట్టి తెస్తే రోజంతా ఆగండి. కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి జారి ఉండగా ఆన్ చేస్తే కంప్రెసరే పోతుంది.

టాటా ఏస్ ముప్పావు టన్ను బండి. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ముప్పై. అంతకు మించి వేసుకుని తప్తపాణి ఘాట్ లాంటి దారిలో ఎక్కకండి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కావాలి. అదే నంబరు కింద ఒడిశాలోనే ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకైతే ఇన్‌వాయిస్ అక్కర్లేదు, డెలివరీ చలాను మూడు ప్రతులు రాసి దాని మీద ఈ-వే బిల్లు తీయాలి. వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లు మినహాయింపు ఉంది. దుకాణం సరుకుకి, ఫర్నిచరుకి ఆ మినహాయింపు వర్తించదు. బిల్లు గడువు రెండు వందల కిలోమీటర్లకి ఒక రోజు. బండి దారిలో చెడి వేరే బండిలోకి మార్చితే బండి నంబరు కూడా బిల్లులో మార్చాలి.

ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా ముద్ర ఉండాలి. ఒకచోట బిగించి ముద్ర వేసిన కాటాను విప్పి ఇంకోచోట బిగిస్తే, వాడేముందు మళ్ళీ ముద్ర వేయించాలి. తూనికల కొలతల ఇన్‌స్పెక్టరు ఏ రోజున వస్తారో ముందు కనుక్కుని, ఆ తేదీకి సరిపడా మారండి. బీమా విషయం కూడా ఇంతే. దుకాణం పాలసీ పాత చిరునామాకే వర్తిస్తుంది. సరుకు కొత్తచోట దిగేముందు బీమా సంస్థ నుంచి చిరునామా మార్పు కాగితం తీసుకోవాలి, దారిలో సరుకుకి విడిగా రవాణా బీమా తీసుకోవాలి.

6. గిరాకీకి తెలియజేయడం

పాత కొట్టు తలుపు మీద రెండడుగులు మూడడుగుల కాగితం, చేత్తో గీసినా సరే, దారి పటంతో. ‘ఫలానా బ్యాంకు దాటి కుడివైపు మూడో కొట్టు’ అని ఒడియాలో, తెలుగులో. ఇది ఆరు వారాల పాటు ఉండనిచ్చేలా పాత యజమానితో అడ్వాన్సు లెక్క తేల్చేటప్పుడే రాయించుకోండి. కొత్త చోట బోర్డు పదిహేను రోజుల ముందే పెట్టి, తేదీ బ్యానరు కట్టండి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ ఒక జాబితాకి 256 మందికే వెళుతుంది, అదీ మీ నంబరు తమ ఫోనులో దాచుకున్నవారికే. ఇప్పటి నుంచే బిల్లు ఇచ్చేటప్పుడు నంబరు దాచుకోమని అడగండి. గూగుల్‌లో పాత ప్రొఫైల్‌ని ‘శాశ్వతంగా మూసివేయబడింది’ అని పెట్టి కొత్తది తెరవొద్దు. ఉన్నదానిలోనే చిరునామా మార్చండి, పాత సమీక్షలు నిలుస్తాయి. బ్యాంకు, ఉద్యమ్, యూపీఐ వ్యాపార ఖాతా చిరునామాలు కూడా ఆ వారంలోనే మార్చేయండి.

7. మనుషులు

ఎవరు కావాలో తేల్చుకోవడానికి ఒక వారం పాటు చిన్న పుస్తకం పెట్టి, గంటగంటకీ వచ్చిన గిరాకీ ఏ భాషలో అడిగిందో గీతలు గీయండి. గుణుపురంలో సంత రోజు పొద్దున సవర, కువి మాట్లాడేవాళ్ళు వస్తారు, సాయంత్రం ఒడియా, తెలుగు. సంత రోజుకి ఆ భాష వచ్చిన మనిషి కౌంటరు మీద లేకపోతే అమ్మకం పోతుంది. అంతకన్నా పెద్ద నష్టం, భాష రాని చోట తూకంలో, ధరలో వాళ్ళని మోసం చేయడం ఊళ్ళలో అలవాటుగా మారిపోయింది. మీ కొట్లో ధర ప్రతి అరకీ రాసి ఉండాలి, తూకం అంకెలు కొనేవారి వైపు తిరిగి ఉండాలి, కొండ మీద నుంచి వచ్చిన మనిషిని కూడా ‘మీరు’ అనే పిలవాలి. పనిలో చేరేవాళ్ళకి మొదటిరోజే ఈ మాట చెప్పండి.

పరీక్ష మాటలతో పెట్టకండి, కాటా ముందు పెట్టండి. కందిపప్పు కిలో 160 చొప్పున 750 గ్రాములు, ఎండుమిరప కిలో 240 చొప్పున పావుకిలో, బెల్లం కిలో 60 చొప్పున కిలోన్నర. తూచి, కాగితం మీద బిల్లు వేసి, అయిదు వందల నోటుకి చిల్లర ఇమ్మనండి. 120, 60, 90 కలిపి 270, చిల్లర 230. ఇదే ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి. లెక్క తప్పితే నేర్పించవచ్చు. గిన్నె బరువు సున్నా చేయకుండా తూచి, చెప్పాక కూడా అలాగే చేసేవాళ్ళు వద్దు. పరీక్ష అయ్యాక వారం రోజులు జీతమిచ్చి చూసుకోండి. ఉచితంగా పనిచేయించుకుని పంపేస్తే ఆ కబురు బజారంతా తిరుగుతుంది, తర్వాత మంచి మనిషి రాడు.

పక్క కొట్టు గుమస్తాని జీతం ఎక్కువిచ్చి లాగకండి. చిన్న ఊళ్ళో ఆ పక్క కొట్టు వాడే రేపు మీకు చిల్లరా, చేబదులూ ఇచ్చేవాడు.

జీతం ఎక్కడ పనిచేస్తే ఆ రాష్ట్రం కనీస వేతనం. రోజూ పాతపట్నం నుంచి వచ్చి పర్లాకిమిడిలో పనిచేసే మనిషికి ఒడిశా రేటే. ఒడిశాలో నైపుణ్యం లేనివారు, కొంత ఉన్నవారు, ఉన్నవారు, బాగా ఉన్నవారు అని నాలుగు తరగతులు. కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది, జిల్లా కార్మిక అధికారి కార్యాలయంలో తాజా పట్టిక దొరుకుతుంది. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక స్మృతులు (లేబర్ కోడ్లు) అమల్లోకి వచ్చాయి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపల ఇవ్వాలి. మనిషి మానేసినా, మీరే తీసేసినా రెండు పని దినాల్లో లెక్క తేల్చి ఇచ్చేయాలి. నియామక పత్రం ఒక్క పేజీలో, చేరేవారు చదవగలిగే భాషలో రాయండి: పని, వేళలు, వారంలో సెలవు, జీతం, భోజనం కొట్లోనా ఇంటికా, నోటీసు ఎన్ని రోజులు. పదిమంది అయ్యేసరికి ఈఎస్‌ఐ వస్తుంది, జీతం 21,000 దాకా ఉన్నవారికి ఉద్యోగి వాటా 0.75 శాతం, మీ వాటా 3.25 శాతం. ఇరవై మందికి పీఎఫ్. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఏ పనికీ పెట్టుకోకూడదు, టీలు అందించే పనికైనా సరే.

పెళ్ళికీ ఆస్పత్రికీ అని పనివాళ్ళు అడ్వాన్సు అడుగుతారు. ఇవ్వండి, కానీ నెల జీతం దాటనివ్వకండి, ఎన్ని నెలల్లో కోత అన్నది కాగితం మీద ఉండాలి. పెద్ద మొత్తం ఇచ్చి, అది తీరేదాకా మనిషిని కదలనివ్వకపోవడం 1976 చట్టం ప్రకారం వెట్టిచాకిరీ. ఆధార్, సర్టిఫికెట్ల అసలు ప్రతులు దగ్గర పెట్టుకోవడం కూడా చేయకూడని పని, నకలు చాలు.

గల్లా అప్పగించేముందు రోజూ రాత్రి లెక్క అలవాటు చేయండి. పొద్దున చిల్లర 2,000, నగదు అమ్మకం 18,450, చిల్లర ఖర్చులు 1,200 అయితే పెట్టెలో 19,250 ఉండాలి. యూపీఐ మొత్తం విడిగా, బ్యాంకు సందేశాలతో సరిచూడాలి. తేడా పది, ఇరవై రూపాయలు వస్తే అడగకుండా రాసుకోండి. రోజూ ఒకే వైపు తేడా వస్తుంటే అప్పుడు కూర్చుని మాట్లాడండి. కౌంటరు మీది క్యూఆర్ స్టిక్కరు మీదేనా అని పొద్దున తెరిచేటప్పుడు ఒక్క రూపాయి పంపి చూసుకోవడం కూడా ఇందులో భాగమే. పైన వేరే స్టిక్కరు అంటిస్తే సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు.

చివరిగా సెలవులు. ఒడియా పనివాళ్ళకి జూన్ నడుమ రజ పండగ మూడు రోజులు, తెలుగువాళ్ళకి సంక్రాంతి మూడు రోజులు ఇంట్లో ఉండాల్సినవే. ఇద్దరూ ఉన్న కొట్టు ఏ పండక్కీ పూర్తిగా మూయనక్కర్లేదు. జనవరి మొదటి వారంలోనే ఏడాది సెలవుల పట్టిక రెండు లిపుల్లో రాసి, గల్లా వెనక గోడకి అతికించి, అందరితో సంతకాలు పెట్టించండి.